పిల్‌రిగ్‌లో దిగనక్కరలేదు

ఎడింబరో చూసివచ్చిన వాళ్ళను కదిలిస్తే ముందుగా కోట సంగతి చెబుతారు. నల్లరాతి కొండ, కొండమీద కోట, కింద తోటలు, ఆగస్టులో జరిగే సంగీత నాటకోత్సవాలు, ఎప్పుడు కురుస్తుందో తెలియని వాన, ఇవన్నీ వరసగా వస్తాయి. ఆ ఊరి ట్రాము గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఎక్కారు, దిగారు, మరిచిపోయారు! బండి సుఖంగా నడుస్తున్నదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అయితే ఆ ట్రాము అంత సుఖంగా నడవడం వెనక నూరేళ్ళకు మించిన కథ ఒకటి ఉన్నది. స్కాట్లండుకు రాజధాని అయిన ఎడింబరోకూ, రెండు మైళ్ళ దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న లీత్ అనే రేవుపట్నానికీ మధ్య నడిచిన కథ అది. యుద్ధాలూ, రాజులూ అందులో లేరు. ఒక బండి దిగి మరో బండి ఎక్కడం అనే చిన్న విషయం మీదనే ఆ కథంతా నడిచింది.

ట్రాము మనవాళ్ళకు కొత్త కాదు. ఇంట్లో ఎనభై దాటిన తాతగారో, అమ్మమ్మగారో ఉంటే అడిగి చూడండి. చిన్నప్పుడు చెన్నపట్నంలో గంట కొట్టుకుంటూ పోయే ట్రాములో కూర్చున్న జ్ఞాపకం ఉండవచ్చు. చెన్నపట్నంలో కరెంటు ట్రాములు 1895లో మొదలైనాయి. మన దేశంలో అవే మొదటివి. లీత్ రేవుకు కరెంటు ట్రాము వచ్చింది 1905లో. అంటే ఈ ఒక్క విషయంలో చెన్నపట్నం లీత్ కంటే పదేళ్ళు ముందున్నదన్నమాట! 1953లో చెన్నపట్నం ట్రాములు ఆగిపోయినాయి. మరో మూడేళ్ళకు, 1956లో, ఎడింబరో ట్రాములూ ఆగిపోయినాయి. రెండుచోట్లా బస్సులు వచ్చి ఆ స్థానం ఆక్రమించినాయి. తేడా ఏమంటే, ఎడింబరో మళ్ళీ పట్టాలు వేసుకున్నది. వేసుకోవడానికి పడ్డ పాట్లు కూడా సామాన్యమైనవి కావు.

విమానం దిగగానే

రండి, లైను మొదటినుంచే బయలుదేరుదాం. విమానాశ్రయంలో పెట్టెలు తీసుకొని బయటికి వచ్చి కాస్త నడిస్తే ట్రాము స్టాపు. అక్కడినుంచి ఊరి నడిబొడ్డు మీదుగా లీత్ దాటి న్యూహేవెన్ అనే చిన్న రేవు దాకా లైను ఒక్కటే. పొడవు 18.5 కిలోమీటర్లు, అంటే పదకొండున్నర మైళ్ళు. మొత్తం స్టాపులు 23. ఈ చివరనుంచి ఆ చివరకు సుమారు గంట ప్రయాణం. ఊరి మధ్యకు అరగంట పైచిలుకు పడుతుంది.

ఒకటి వెళ్ళిపోయిందే అని నొచ్చుకోనక్కరలేదు. పగటిపూట ఏడెనిమిది నిమిషాలకు మరొకటి వస్తుంది.

వచ్చే ట్రామును చూస్తే చిన్న రైలనే అనిపిస్తుంది. ఏడు పెట్టెలను ఒకదానికొకటి కుట్టినట్లుంటుంది. లోపల ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. పొడవు 42.8 మీటర్లు, మన లెక్కలో 140 అడుగులు. ముదురు ఎరుపు, తెలుపు రంగులు. స్పెయిను దేశంలో తయారైన బండి. కూర్చోవడానికి 78 సీట్లు, నిలబడేవాళ్ళతో కలిపి 250 మంది పడతారు. నెత్తిమీద కరెంటు తీగ, కాళ్ళ కింద పట్టాలు. మలుపుల్లో చక్రాలు కాస్త కీచుమంటాయే గాని బస్సులో మాదిరి కుదుపు ఉండదు.

గమనించవలసింది తలుపు దగ్గర. ప్లాట్‌ఫారం ఎంత ఎత్తో ట్రాము నేల కూడా అంతే ఎత్తు. మెట్టు అన్నది లేదు. మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ, చంటిపిల్లను తోపుడుబండిలో తీసుకువచ్చే తల్లి, చక్రాల కుర్చీలో వచ్చే మనిషి, ఎవరైనా సరే, గడప లేని గుమ్మంలోనుంచి ఇంట్లోకి పోయినట్లు పోవచ్చు. మన పాత ట్రాముల్లో ఫుట్‌బోర్డు మీదికి కాలు ఎత్తిన వాళ్ళకు ఈ సుఖం విలువ తెలుస్తుంది.

టిక్కెట్టు సంగతి కూడా చెప్పాలి. ఎక్కకముందే కొనాలి. ప్రతి స్టాపులోనూ యంత్రం ఉంటుంది. కొనకుండా ఎక్కితే లోపల తనిఖీకి వచ్చే ఉద్యోగి మర్యాదగానే మాట్లాడతాడు గాని, మామూలు ధరకు కొన్ని రెట్లు వసూలు చేస్తాడు. విమానాశ్రయం స్టాపులో ఎక్కినా దిగినా ధర ఎక్కువ. పక్క స్టాపు ఇంగ్లిస్టన్ మొదలు న్యూహేవెన్ వరకు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఊరి ధర ఒక్కటే. కాళ్ళలో సత్తువా, చేతిలో తేలికపాటి సంచీ ఉన్న కుర్రవాళ్ళకు ఆ ఒక్క స్టాపు దూరం నడవడం లాభసాటి బేరమే. ఎడింబరోలోనే నివాసముంటూ అరవై దాటినవాళ్ళు కార్డు చూపిస్తే ట్రాము ఉచితం.

మరొక సౌకర్యం. రోజంతటికీ చెల్లే టిక్కెట్టు ఒకటి తీసుకుంటే ట్రాములోనూ, ఊళ్ళో తిరిగే లోథియన్ బస్సుల్లోనూ అదే చెల్లుతుంది. ఆ బస్సులూ ప్రజల సొత్తే, ట్రామూ ప్రజల సొత్తే. గనుక ప్రయాణికుడికోసం బస్సూ ట్రామూ కొట్లాడుకోవలసిన పని లేదు.

దారిలో కలిసేవాళ్ళు

ఇంగ్లిస్టన్ స్టాపు పక్కన పెద్ద మైదానం. పల్లెలనుంచి కార్లలో వచ్చేవాళ్ళు అక్కడ ఉచితంగా కారు నిలిపి ట్రాము ఎక్కుతారు. ఊళ్ళో సందుల్లో కారు నిలపడానికి చోటు వెతుక్కునే బాధ తప్పుతుంది.

మరికాస్త ముందుకు పోతే గేట్‌వే అనే స్టేషను. దీనికి ఒక చిన్న పూర్వకథ ఉన్నది. ఒకప్పుడు విమానాశ్రయం కిందుగా సొరంగం తవ్వి రైలునే అక్కడికి తీసుకుపోవాలని పెద్ద పథకం వేశారు. ఖర్చు చూసి 2007లో దాన్ని విరమించుకున్నారు. రైలు రాకపోతేనేం, రైలూ ట్రామూ ఒకదానికొకటి ఎదురుపడే చోట ఒక స్టేషను కడితే సరిపోతుంది కదా అని 2016 డిసెంబరులో గేట్‌వే తెరిచారు. ఫోర్త్ వంతెన దాటి ఉత్తరాన ఫైఫ్ ప్రాంతంనుంచి వచ్చే మనిషి ఊళ్ళోకి పోయి మళ్ళీ వెనక్కు తిరగకుండా, ఇక్కడే రైలు దిగి ట్రాము ఎక్కితే మూడో స్టాపు విమానాశ్రయం. 

ఆ తరవాత ఎడింబరో పార్క్ స్టేషను. గ్లాస్గో వైపు, స్టెర్లింగు వైపు పోయే రైళ్ళు ఇక్కడ దొరుకుతాయి. ఇక్కడినుంచి హేమార్కెట్ దాకా ట్రాము రోడ్డు మీద పోదు. రైలు పట్టాల పక్కన తనదైన దారిలో పోతుంది. అందుకే వేగం. దారిలో మర్రీఫీల్డ్ క్రీడారంగం. అరవై ఏడు వేలమంది కూర్చోగలరు. రగ్బీ పోటీల నాడు ఈ స్టాపులో నిలబడడానికి చోటుండదు.

హేమార్కెట్ 1842 నాటి స్టేషను. గ్లాస్గోనుంచి వచ్చిన రైలు మొదట్లో ఇక్కడిదాకానే వచ్చేది. ఇప్పుడు స్టేషను గుమ్మం దాటగానే ట్రాము ఎదురుగా ఉంటుంది. వానలో పెట్టె పట్టుకొని రోడ్లు దాటే అవస్థ లేదు. ఇక్కడినుంచి ట్రాము అసలైన వీధిలో పడుతుంది. బస్సులు, సైకిళ్ళు, మనుషులు అందరితో కలిసి నెమ్మదిగా పోతుంది.

తరవాత ప్రిన్సెస్ వీధి. ఈ వీధికి ఒకవైపే దుకాణాలు. రెండోవైపు తోట, తోట వెనక కొండ, కొండమీద కోట. ఆ తోట ఉన్నచోట పూర్వం చెరువు ఉండేది. దాన్ని ఎండగట్టారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ స్మారకంగా కట్టిన రెండువందల అడుగుల గోపురం కూడా ఆ వైపే. రచయితకు ఇంత ఎత్తు కట్టడమా అని మన రచయితలు నిట్టూర్చవచ్చు. ఊరి పెద్ద రైలుస్టేషనుకు వేవర్లీ అని ఆయన నవల పేరే పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక లోటు ఉన్నమాట చెప్పాలి. వేవర్లీ స్టేషను లోయలో ఉన్నది, ట్రాము మిట్టమీద పోతుంది. కనుక ట్రాము స్టేషను గుమ్మం దాకా పోదు. సెయింట్ ఆండ్రూ స్క్వేర్ స్టాపులో దిగి నాలుగైదు నిమిషాలు నడవాలి. పిల్లలతో, పెట్టెలతో వచ్చేవాళ్ళకు హేమార్కెట్‌లో మారడమే హాయి.

పిల్‌రిగ్ గందరగోళం

ఇక లీత్ కథకు వద్దాం. లీత్ ఎడింబరోకు రేవే గాని, 1833 నుంచి దానికి వేరే మునిసిపాలిటీ, వేరే పెద్దలు, వేరే పౌరుషం. రెండింటినీ కలిపేది లీత్ వాక్ అనే పొడుగాటి వాలు రోడ్డు. ఆ రోడ్డు మధ్యలో పిల్‌రిగ్ అనే చోట ఇద్దరి హద్దూ ఉండేది.

ఎడింబరో వాళ్ళు ట్రాములను మోకుతో నడిపేవారు. వీధి కింద గాడిలో ఇనుప మోకు ఒకటి ఎడతెగకుండా పరుగెడుతూ ఉంటుంది. దాన్ని లాగే ఆవిరియంత్రం దూరాన ఎక్కడో ఉంటుంది. ట్రాము అడుగున ఉన్న పట్టకారు ఆ మోకును పట్టుకుంటే బండి కదులుతుంది, వదిలితే ఆగుతుంది. కొండలూ గుట్టలూ ఉన్న ఊరు గనుక గుర్రాల కంటే ఇది మేలని ఎంచుకున్నారు. చిక్కేమిటంటే, మోకు ఒకచోట చెడితే ఆ దారిలోని ట్రాములన్నీ ఎక్కడివక్కడ నిలబడవలసిందే.

లీత్ వాళ్ళు ఈ మోకుల గొడవ మాకొద్దన్నారు. కరెంటు కొత్తగా వచ్చింది, దాన్నే తెచ్చుకుందామనుకున్నారు. 1905లో తెచ్చుకున్నారు. మంచి పనే. కాని రెండు మంచి పనులు పిల్‌రిగ్ దగ్గర ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. ఎడింబరో మోకు ట్రాము హద్దు దాటి రాలేదు, లీత్ కరెంటు ట్రాము హద్దు దాటి పోలేదు. లీత్ వాక్ మీద పైకి పోయేవాడైనా, కిందికి పోయేవాడైనా నడిరోడ్డులో దిగి, సామాను దింపుకొని, అవతలి బండి దాకా నడిచి మళ్ళీ ఎక్కాలి. వానాకాలం, చలికాలం అన్న తేడా లేదు. ఆ చోటుకు జనం పెట్టిన పేరు పిల్‌రిగ్ గందరగోళం. 

మన పెద్దవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. గుంతకల్లులోనో, సికింద్రాబాదులోనో మీటరు గేజి రైలు దిగి బ్రాడ్ గేజి రైలు ఎక్కినవాళ్ళు మనలో ఎందరు లేరు! ట్రంకు పెట్టె కూలీ నెత్తిన, పరుపుచుట్ట తన చంకన, కూజా భార్య చేతిలో, పిల్లవాడి వేలు ఎవరి చేతిలో ఉన్నదో తెలియదు. రైలుశాఖవారికి అది గేజి తేడా. ప్రయాణికుడికి అది పరుగు.

పిల్‌రిగ్‌లో ఈ పరుగు పదిహేడేళ్ళు సాగింది. 1920లో లీత్‌ను ఎడింబరోలో కలిపేశారు. లీత్ ప్రజల అభిప్రాయం అడిగితే అత్యధికులు వద్దన్నారు. అయినా కలిపేశారు. ఆ కలయికవల్ల లీత్ వాళ్ళకు కళ్ళకు కనిపించిన లాభం ఒకటే. 1922లో ఎడింబరో కూడా మోకు వదిలి కరెంటు తీగ కట్టింది. మరుసటి సంవత్సరానికి ఊళ్ళోని మోకు ట్రాములన్నీ పోయినాయి. ఎడింబరోనుంచి లీత్ దాకా ఒకే ట్రాము. పిల్‌రిగ్‌లో దిగనక్కరలేదు.

ఆ సుఖం ముప్ఫైనాలుగేళ్ళు అనుభవించారు. 1956 నవంబరు 16న చివరి ట్రాము నడిచింది. దీపాలతో, జనసందోహంతో ఆ రాత్రి అది వచ్చి చేరినది ఎక్కడికనుకున్నారు? లీత్ వాక్ మీద, పిల్‌రిగ్‌కు దగ్గరలో ఉన్న ష్రబ్‌హిల్ షెడ్డుకే.

సగంలో ఆగిన పట్టాలు

యాభై ఏళ్ళు గడిచినాయి. కార్లు పెరిగినాయి, రోడ్లు పెరగలేదు. మళ్ళీ ట్రాము కావాలన్నారు. విమానాశ్రయంనుంచి లీత్ మీదుగా న్యూహేవెన్ దాకా లైను వేయాలని నిర్ణయించారు. 2007లో తవ్వకాలు మొదలైనాయి. మొట్టమొదట తవ్వింది లీత్‌లోనే.

ట్రాముకు పట్టాలు వేయడం కష్టం కాదు. పట్టాల కింద ఏమున్నదో చూసుకోవడం కష్టం. మంచినీటి గొట్టం పగిలినప్పుడల్లా పట్టాలు పెరికి తవ్వడం కుదరదు గనుక, నీటి గొట్టాలు, గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు, టెలిఫోను తీగలు అన్నీ ముందే పక్కకు జరపాలి. పాత ఊరి మట్టిలో ఏ కాలంవాళ్ళు ఏం పూడ్చారో ఏ పటంలోనూ సరిగా లేదు. 2009లో లీత్‌లోని కాన్‌స్టిట్యూషన్ వీధి తవ్వితే ఏకంగా శ్మశానమే బయటపడింది. పక్కనున్న చర్చి శ్మశానం పూర్వం వీధి కిందికి కూడా వ్యాపించి ఉండేదట. దాదాపు 400 మంది అస్థికలను పురావస్తు శాఖవారు జాగ్రత్తగా పైకి తీశారు.

చచ్చినవాళ్ళతో చిక్కు తీరింది గాని బతికినవాళ్ళతో తీరలేదు. పని చేయించే కంపెనీకీ, చేసే కాంట్రాక్టర్లకూ ఖర్చు ఎవరు భరించాలన్న దానిమీద తగాదా వచ్చింది. నెలల తరబడి పనులు ఆగినాయి. 2011 ఆగస్టులో, ఇక డబ్బు లేదు, హేమార్కెట్ దగ్గరే లైను ఆపేద్దామని నగరసభ తీర్మానించింది. అంటే ఊరి గడప దాకా వచ్చి లోపలికి రాని ట్రాము! ఇట్లా అయితే మిగిలిన సొమ్ము ఇవ్వమని స్కాట్లండు ప్రభుత్వం బెదిరించేసరికి, సెప్టెంబరులో మళ్ళీ సమావేశమై ఊరి మధ్యలో యార్క్ ప్లేస్ దాకా పోనిద్దామన్నారు.

చివరకు 2014 మే 31న ట్రాము నడిచింది. 54 కోట్ల 50 లక్షల పౌండ్లలో తేలుతుందనుకున్న పనికి 77 కోట్ల 60 లక్షలు అయింది. అంత పోసినా వచ్చింది సగం లైనే. లీత్ వాక్‌ను ఏళ్ళ తరబడి తవ్వి, దుకాణాల ముందు కంచెలు కట్టి, తిరిగి పూడ్చేశారు. పట్టాలు మాత్రం వేయలేదు. పైగా పూర్తి లైనుకు సరిపడా 27 ట్రాములు ముందే కొని ఉన్నారు. సగం దారిలో తిప్పడానికి అన్ని అక్కరలేదు. పెళ్ళికి వంట చేయించి సగంమంది చుట్టాలను పిలవడం మరిచినట్లయింది.

లీత్ వాళ్ళ మాట ఆలోచించండి. తవ్వకాల దుమ్ము తిన్నది వాళ్ళు, బేరాలు పోగొట్టుకున్నది వాళ్ళు, ఊరందరితో పాటు పన్ను కట్టింది వాళ్ళు. ట్రాము మాత్రం లీత్ వాక్ పైకొన దగ్గరకు వచ్చి వెనక్కు తిరిగిపోతున్నది. ట్రాము దిగి కొంత నడిచి లీత్ బస్సు ఎక్కాలి. పిల్‌రిగ్ గందరగోళం పోయిందనుకుంటే, పేరు మార్చుకొని యార్క్ ప్లేస్‌లో కూర్చున్నది.

ఈ వ్యవహారం మీద విచారణకు 2014లోనే ఒక న్యాయమూర్తిని నియమించారు. ఆయన నివేదిక 2023 సెప్టెంబరులో వచ్చింది. విచారణకే కోటీ ముప్ఫై లక్షల పౌండ్లు దాటింది. పని చేయించిన కంపెనీదీ, నగరసభదీ, ప్రభుత్వానిదీ అందరి తప్పూ అందులో చెప్పారు. విచిత్రమేమంటే, నివేదిక వచ్చేనాటికి లీత్ ట్రాము నడుస్తూనే ఉన్నది.

రేవు దాకా

ఒకసారి చేతులు కాల్చుకున్న ఊరు రెండోసారి నిప్పు దగ్గరకు పోవడానికి ధైర్యం కావాలి. 2019లో నగరసభ లైను పొడిగించడానికి ఒప్పుకున్నది. ఆ ఏడాది చివర పని మొదలైంది. కరోనా రోజుల్లో కొన్నాళ్ళు ఆగింది. అయినా 2023 జూన్ 7న యార్క్ ప్లేస్ దగ్గరనుంచి న్యూహేవెన్ దాకా మూడు మైళ్ళకు కాస్త తక్కువ దూరం, ఎనిమిది కొత్త స్టాపులతో, 20 కోట్ల 70 లక్షల పౌండ్లకు పూర్తి అయింది. కొత్త ట్రాములు కొనవలసిన పని లేకపోయింది. సగం పెళ్ళినాడు మిగిలిన వంట ఇప్పుడు పనికివచ్చింది.

ఎక్కి చూద్దాం. మొదట పికార్డీ ప్లేస్. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ 1859లో పుట్టింది ఈ వీధిలోనే. అందుకని అక్కడ షెర్లాక్ హోమ్స్ విగ్రహం నిలబెట్టారు. ట్రాము పనులప్పుడు విగ్రహాన్ని తీసి భద్రపరచి, పని అయ్యాక మళ్ళీ పెట్టారు. అంతటి డిటెక్టివుకు కూడా లీత్ డబ్బంతా ఎక్కడికి పోయిందో కనిపెట్టడం సాధ్యమయ్యేది కాదేమో!

తరవాత లీత్ వాక్. రెండువైపులా పాత రాతి ఇళ్ళు, కింద రకరకాల దేశాలవాళ్ళ దుకాణాలు, హోటళ్ళు. మెక్‌డొనాల్డ్ రోడ్ స్టాపులో ఆగుతుంది. ఆ వెనక బాల్ఫర్ వీధి స్టాపులో ఆగుతుంది. ఈ రెండింటికీ మధ్య, మూలమీద శిఖరం ఉన్న చర్చి ఒకటి కనిపిస్తుంది. అదే పిల్‌రిగ్ కూడలి. అక్కడ ట్రాము ఆగదు. సీట్లలోని వాళ్ళు కిటికీలోనుంచి తల తిప్పి కూడా చూడరు. పట్టాలకోసం తవ్వినప్పుడు ఆ పాత మోకులు తిరిగిన పెద్ద ఇనుప చక్రాలు బయటపడితే, వాటిని శుభ్రం చేసి రోడ్డు పక్కన నిలబెట్టారు. తెలిసినవాళ్ళు చూస్తారు.

లీత్ వాక్ దిగువకొన దగ్గర విక్టోరియా రాణి విగ్రహం. ఆ వెనక శ్మశానం బయటపడిన కాన్‌స్టిట్యూషన్ వీధి. తరవాత లీత్ నది ఒడ్డు. ఓషన్ టెర్మినల్ దగ్గర దిగితే, 1997లో పదవీ విరమణ చేసిన రాజనౌక బ్రిటానియాను చూడవచ్చు. చివరి స్టాపు న్యూహేవెన్. 1511లో నాలుగవ జేమ్స్ రాజు ఇక్కడ ఆ కాలానికి అతిపెద్దదైన యుద్ధనౌకను నీటిలోకి దించాడు. అంతకంటే ఈ ఊరికి పేరు తెచ్చింది బెస్త స్త్రీలు. చారల పావడాలు కట్టి, చేపల బుట్ట వీపున వేసుకొని, దాని పట్టీని నుదుటికి తగిలించుకొని, ఎడింబరో మేడల దాకా నడిచిపోయి అమ్మేవారు. ఆ బరువుతో వాళ్ళు ఎక్కిన మిట్ట ఇప్పుడు ట్రాము ఎక్కుతున్నది.

అంతా బాగున్నదని మాత్రం అనుకోకూడదు. వీధిలోని పట్టాల గాడిలో సైకిలు చక్రం ఇరుక్కొని పడేవాళ్ళున్నారు. 2017లో ఒక విద్యార్థిని అట్లా పడి ప్రాణం పోగొట్టుకున్నది. సైకిలువాళ్ళు పట్టాలను అడ్డంగా, నేరుగా దాటాలని ఆ తరవాత గుర్తులు గీశారు. ట్రాము వచ్చాక ఇంటి అద్దెలు పెరుగుతాయని లీత్‌లో అద్దెకున్నవాళ్ళ భయం. ఉత్తరాన గ్రాంటన్‌నుంచి దక్షిణాన పెద్దాసుపత్రి వైపు రెండో లైను వేయాలన్న ఆలోచన సాగుతున్నది. దారి ఎటు వేయాలన్న దానిమీద అప్పుడే వాదాలు బయలుదేరినాయి. పెద్దాసుపత్రికి ట్రాము కావాలనేవాళ్ళ మాట కాదనలేం. రోగిని చూడడానికి పోయేవాళ్ళే ఎక్కువసార్లు బస్సులు మారేది.

మన ఊళ్ళలోనూ ఇప్పుడు పెద్ద పెద్ద పథకాలు నడుస్తున్నాయి. హైదరాబాదులో మెట్రో రైలు 2017లో వచ్చింది. అమీర్‌పేటలో ఒక లైను దిగి మరో లైను ఎక్కేవాళ్ళు వేలమంది. ఏ ఊరివాళ్ళయినా లైను ఎన్ని మైళ్ళు, ఎన్ని కోట్లు అని గొప్పగా చెబుతారు. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. రైలు దిగినచోటికీ బస్సు ఎక్కేచోటికీ మధ్య ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు? టిక్కెట్టు మళ్ళీ కొనాలా? వాన పడితే తడుస్తామా? లీత్ వాళ్ళు అడిగింది ఇదే. వాళ్ళకు జవాబు ఒకసారి 1922లో వచ్చింది. పోగొట్టుకున్న జవాబు మళ్ళీ 2023 దాకా రాలేదు.

మీ అబ్బాయో, అమ్మాయో ఎడింబరోలో చదువుతుంటే, మీరు చూడడానికి వెళితే, కోట తప్పక చూడండి. ఒక పూట మిగిలితే న్యూహేవెన్ ట్రాము ఎక్కండి. హేమార్కెట్ దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ప్రిన్సెస్ వీధిలో కోట కనిపిస్తుంది. చివరి స్టాపులో దిగి రేవు గట్టుమీద కాసేపు నిలబడండి. గాలి చల్లగా ఉంటుంది, శాలువ మరిచిపోకండి. తిరుగు ట్రాము ఏడెనిమిది నిమిషాల్లో వస్తుంది.